వెలుగు కుదరలేదు, ఇంకొక్క చుట్టు

ఒరెస్ట్ దిమిత్రూక్‌కి మొదటి చుట్టులో వెలుగు ఎప్పుడూ కుదరదు. నడినెత్తిన సూర్యుడుంటాడు, ఆకాశంలో మచ్చుకైనా మబ్బుతునక ఉండదు, కింద గోధుమ చేలు కళ్ళు చెదిరేలా మెరుస్తుంటాయి. అయినా సరే, విమానం కిటికీలోంచి సగం మనిషి బయటికి వాలి, బిందెంత కెమెరాను రెండు చేతులా పట్టుకుని, చూసి చూసి, తల లోపలికి తీసుకుని అనేవాడు.

"వెలుగు కుదరలేదమ్మాయ్. ఇంకొక్క చుట్టు."

ఆ అమ్మాయిని నేనే, లిడియాని. కెనడాలోని సస్కాచివాన్ బయళ్ళ మీద ఎగురుతూ, ఒక్కో రైతు ఇంటినీ పైనుంచి ఫోటో తీసి, పటం కట్టి, ఇంటింటికీ తిరిగి అమ్మే కంపెనీ మాది. నాలుగు సీట్ల బుల్లి విమానంలో తొమ్మిది వేసవులు ఆయన్ని తిప్పాను. మావైపు ఏసుప్రభువు పటం లేని ఇల్లయినా ఉంటుందేమో గాని, పైనుంచి తీసిన సొంత పొలం పటం లేని ఇల్లు ఉండదు.

మా ఇంట్లో ఉన్నది మాత్రం వేరే కంపెనీది. నా చిన్నప్పుడు వాళ్ళు ఒకే చుట్టులో టక్కున తీసుకుని పోయారు. ఇల్లు, కొట్టం, ధాన్యం గాదెలు అన్నీ చక్కగా పడ్డాయి. అన్నిటికన్నా చక్కగా తీగ మీద ఆరేసిన, మా నాన్న చలికి లోపల తొడుక్కునే ఉన్ని లాగు పడింది. అది అసలే ఎరుపు, ఆపైన రంగులద్దే మహానుభావుడెవరో ఇంకాస్త ఎరుపు పూశాడు. పన్నెండేళ్ళు మా ముందు గదిలో అది అలా ఎగురుతూనే ఉంది. వచ్చిన ప్రతివాడూ "స్టెఫాన్, నీ జెండా భలే ఉందోయ్" అనేవాడు. చివరికి మా అమ్మ పటం మీద కేలండర్ తగిలించింది. ఆ కేలండర్ తియ్యమని అడిగే ధైర్యం ఈ రోజుకీ మా ఇంట్లో ఎవరికీ లేదు.

ఒరెస్ట్ కూర్చునేది నా కుడిపక్క. కిటికీకి అడ్డుండే చిన్న మర పీకేస్తే అద్దం పైకి లేచి రెక్క కిందికి పోతుంది, అక్కణ్ణుంచి గాలే దాన్ని పట్టుకుంటుంది. ఆ గాలి ఇంకా చాలా పట్టుకునేది. తొమ్మిదేళ్ళలో రెండు మ్యాపులు, మూడు చేతితొడుగులు, ఒరెస్ట్ గారి భార్య ఓల్గా కట్టిచ్చిన బంగాళదుంప కూరిన పెరోగీ కుడుముల పొట్లం ఆ కిటికీ మింగేసింది. పెరోగీలు పోయిన రోజు ఆయన సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు, విమానాన్ని నేనే వాటిమీదికి ఉసిగొల్పినట్టు. ఆయన టోపీ ఒక్కటే దక్కింది. చెవులు కప్పే ఆ ఉన్ని టోపీని నడివేసవిలో కూడా గడ్డం కింద ముడేసుకునేవాడు.

చుట్టు కొట్టేటప్పుడు దిగేది ఆయన వైపు రెక్క. నాకు కనిపించేది ఆకాశమూ, ఎదురుగా గడియారాల్లో ముళ్ళూ. కింద ఏం జరుగుతుందో కనపడదు, ఆయన అరుపులు మాత్రం వినపడతాయి.

"నిదానమమ్మా, నిదానం! తొందరేం లేదు!"

నేను పాపం వేగం తగ్గించేదాన్ని.

"ఎందుకు తగ్గించావ్?" అని కసిరేవాడు.

"మీరేగా నిదానమన్నారు!"

"నిన్నెవరన్నారు?"

విమానంలో ఉన్నది చూస్తే ఇద్దరం. అరవై దాటాయి కదా, పెద్దాయనకి చాదస్తం ముదురుతోంది అనుకునేదాన్ని.

మా యజమాని గోర్డన్ ప్రింగిల్ గారికి మాత్రం ఇది నవ్వులాటగా లేదు. తొమ్మిదో వేసవిలో ఒకరోజు ఇద్దర్నీ నిలబెట్టి దులిపేశారు.

"మిగతావాళ్ళు రోజుకి ఎనభై ఇళ్ళు తీస్తున్నారు. మీరు ముప్పై! ఏమయ్యా, వాళ్ళ సూర్యుడు వేరే, నీ సూర్యుడు వేరేనా?"

"వెలుగు నా చేతిలో ఉందా ప్రింగిల్ గారూ? దేవుణ్ణి అడగండి."

"దేవుడు నాకు పెట్రోలు పొయ్యడు! రేపు నేనే వస్తా, వెనక కూర్చుంటా. ఇంటికి ఒకటే చుట్టు. రెండోది వేశారో, దిగగానే కెమెరా నా చేతిలో పెట్టి నువ్వింటికెళ్ళి పెరోగీలు తిను."

కెమెరా లేని ఒరెస్ట్‌ని నేను ఊహించుకోలేను. అసలు ఓల్గా కూడా ఊహించుకోలేదు, చలికాలమంతా ఆయన ఇంట్లో ఉంటేనే ఆవిడ ప్రాణం తోడేస్తాడు. బయటికొచ్చాక బతిమాలాను.

"రేపొక్క రోజు వెలుగు కుదిరిందని అనుకోండి, మీ సొమ్మేం పోయింది?"

"కుదరకుండానే కుదిరిందని ఎలా అనమంటావమ్మాయ్?" అన్నాడు. ఇలాంటి మొండిఘటంతో ఏం చెయ్యను?

మర్నాడు ప్రింగిల్ గారు చేతిలో సెకండ్లు లెక్కపెట్టే గడియారంతో, నెత్తిన కొత్త బూడిదరంగు టోపీతో వచ్చి వెనకసీట్లో కూర్చున్నారు.

"టోపీ తీసి ఒళ్ళో పెట్టుకోండి సార్" అన్నాను.

"టోపీ ఎలా పెట్టుకోవాలో నువ్వు నేర్పక్కర్లేదు" అన్నారు.

మొదటి ఇల్లు వచ్చింది. రెక్క దించాను. ఒరెస్ట్ బయటికి వాలాడు, చూశాడు, లోపలికొచ్చాడు.

"వెలుగు కుదరలేదమ్మాయ్. ఇంకొక్క చుట్టు."

"ఎండ మాడ్చేస్తుంటే వెలుగు కుదరకపోవడమేంటయ్యా!" అని వెనకనుంచి గర్జన.

ఒరెస్ట్ "కిందికి చూడండి" అన్నాడు.

ప్రింగిల్ గారు అద్దానికి ముక్కు ఆనించారు. "ఎవరో ఆవిడ పరిగెడుతోంది... తీగ మీద బట్టలు లాగేస్తోంది. అబ్బో, ఎన్ని లాగులు! ఆ మొగుడేంటి, విరిగిన ట్రాక్టరుని కొట్టం వెనక్కి తోస్తున్నాడు?"

ఒరెస్ట్ కిటికీలోంచి తల బయటికి పెట్టి, అయిదు వందల అడుగుల కిందికి ఎలుగెత్తి అరిచాడు. "నిదానమమ్మా, నిదానం! తొందరేం లేదు!"

తొమ్మిదేళ్ళు నేను వేగం తగ్గించింది ఇందుకన్నమాట. మా అమ్మ కేలండర్ కళ్ళముందు కదిలింది. అలాంటి ఇంట్లో పుట్టి కూడా తట్టలేదంటే నా బుర్రని ఏమనాలి!

"ఈ ముక్క ముందే చెప్పి చావొచ్చుగా?" అన్నారు ప్రింగిల్ గారు.

"చెబితే పటాలు అమ్మడానికి వెళ్ళే మనవాళ్ళు ఊరుకుంటారా? 'అమ్మా, మీ లాగులు తీసేదాకా ఆగామండీ' అని గుమ్మంలోనే మొదలెడతారు. ఆవిడ మళ్ళీ తలెత్తుకోగలదా? అదే వెలుగు మీదికి తోసేస్తే ఎవరికీ బాధ లేదు. సూర్యుడేం అనుకోడు."

రెండో చుట్టులో కెమెరా టక్కుమంది. వెనకసీటు మాత్రం కరగలేదు. "అదంతా సరే. మాట మాటే. రెండో చుట్టయింది. దిగాక చూద్దాం."

తర్వాతి ఇల్లు యాకిమ్ తాతది. ఎనభై నాలుగేళ్ళు, చేతికర్ర, ఒంటరి మనిషి. "ఆదివారం కోటు వేసుకుని గేటు దాకా రావాలంటే ఆయనకి నాలుగు చుట్లు పడతాయి" అన్నాడు ఒరెస్ట్. "కోటు లేకుండా ఫోటో దిగడు."

"ఏడీ, ఏడీ?" అంటూ ప్రింగిల్ గారు మా ఇద్దరి సీట్ల మధ్యనుంచి తల ముందుకు పెట్టారు. కిటికీ ఆ కొత్త టోపీని లటుక్కున మింగింది.

"నా టోపీ!"

ఒరెస్ట్ బయటికి వాలి చూశాడు. "బంగాళదుంపల మడిలో పడింది. తాత బయటికొచ్చాడు, కోటు వేసుకున్నాడు. అరే, గేటు వైపు రాకుండా మడి వైపు మళ్ళాడే!" తల లోపలికి తీసుకుని, వినయంగా కెమెరా ఎత్తాడు. "మీరన్నట్టే ఒకటే చుట్టు ప్రింగిల్ గారూ. తీసెయ్యమంటారా?"

"ఆగవయ్యా! ముసలాయన వంగున్నాడు, వీపు తప్ప ఏం పడుతుంది?"

"మరి గడియారం?"

ప్రింగిల్ గారికి ఆ మాట వినపడలేదు. "తీశాడు... దులుపుతున్నాడు... పెట్టుకున్నాడు నా టోపీ! నాకంటే ఆయనకే నప్పిందే! ఇప్పుడు గేటు వైపు కదిలాడు."

"వెలుగు ఎలా ఉందంటారు?" అన్నాడు ఒరెస్ట్.

ప్రింగిల్ గారు గడియారాన్ని జేబులో వేసుకున్నారు.

"కుదరలేదయ్యా" అన్నారు. "ఇంకొక్క చుట్టమ్మాయ్." అంతటితో ఆగకుండా ఒరెస్ట్ భుజం మీదుగా కిటికీలోంచి తల బయటికి పెట్టి, ఉన్న నాలుగు వెంట్రుకలూ గాలికెగురుతుండగా గొంతు చించుకుని అరిచారు. "నిదానం తాతా, నిదానం! తొందరేం లేదు!"

అది నాతో అన్నది కాదని తెలిసి కూడా, అలవాటుకొద్దీ నేను వేగం తగ్గించాను.