టైపు బాబాయి ఛాదస్తం

టైపు బాబాయికి ఉత్త అంకె చెబితే ఒళ్లు మండుతుంది. "పది" అన్నారా, చచ్చారే! "పది ఏమిటి? పళ్లా, పాములా?" అని పట్టుకుంటాడు. పెళ్లికి ముందు వయసడిగితే ఆయన భార్య సిగ్గుపడుతూ "ఇరవై రెండు" అందట. "ఏళ్లేనా?" అన్నాడట మహానుభావుడు. ఆవిడ ఇప్పటికీ దెప్పుతూనే ఉంది.

ఆస్పత్రుల్లో మందు ఎక్కించే పంపులకి ప్రోగ్రాములు రాసే ఆఫీసులో ఆయనే పెద్ద. అక్కడ ఏ అంకె దేన్ని కొలుస్తోందో చెప్పి తీరాలి. దాని పేరే టైపు. మందు బరువుకో టైపు, ద్రవం కొలతకో టైపు పెట్టి, ఒకదాని చోట ఇంకోటి వస్తే, రాసిన ప్రోగ్రాంని సరిచూసే కంపైలరు ససేమిరా అనేలా బిగించాడు బాబాయి. పని ఎప్పుడు ఆలస్యమైనా "బాబాయి ఛాదస్తం" అని నవ్వేవారు అందరూ. కొత్తగా చేరిన అమ్మాయీ నవ్వేది.

ఆ రోజు నవ్వలేదు. సాయంత్రానికి పంపాల్సిన ప్రోగ్రాం మొరాయించింది. తెర నిండా ఎర్రగీతలే. మిల్లీగ్రాముల చోట మిల్లీలీటర్లు పెట్టింది తనే. ఉద్యోగం ఊడినట్టే అనుకుంది.

మేనేజరు ఊగిపోతూ బాబాయి దగ్గరికి వచ్చాడు. "రెండూ అంకెలే కదండీ! ఆ టైపులు పీకేసి పంపెయ్యండి."

"తెల్లనివన్నీ పాలేనా బాబూ? ఆ పంపు చివర ఉండేది మనిషి నరం. పీకను."

"ఇంతకీ రాసిందెవరు? ఇవాళే ఇంటికి సాగనంపుతా!"

అమ్మాయి లేవబోయింది. బాబాయి తన కుర్చీ అడ్డం జరిపి ముందే లేచాడు.

"పల్లెటూరి బడిలో పలక పట్టినవాణ్ణి. ఈ కంపెనీ మొదటి ప్రోగ్రాం రాసినవాణ్ణి. నీకు ముందు ముగ్గురు మేనేజర్లని చూసినవాణ్ణి! ఆలస్యం నాది, ఛాదస్తం నాది. పంపితే నన్ను పంపు!"

"మీతో వేగలేం మహాప్రభో! రేపు పొద్దుటికైనా ఇవ్వండి" అని గొణుక్కుంటూ పోయాడు మేనేజరు.

"తప్పు నాది కదా బాబాయ్?" అంది అమ్మాయి.

"గడప దాటితేనే తప్పమ్మా. లోపలే దొరికిపోతే అది చిత్తుప్రతి. దిద్దుకో. ఎవరడిగినా నా ఛాదస్తమనే చెప్పు. నాకు అలవాటేలే."

అలవాటా? అంటే ఇన్నాళ్ల ఆలస్యాలూ...

అమ్మాయి చుట్టూ చూసింది. గదిలో ఉన్న తలపండిన ప్రోగ్రామర్లంతా ఒక్కసారిగా తెరల్లోకి తలలు దూర్చేశారు.