సంతకాలమ్మ

ఆఫీసులో అందరూ ఆమెను సంతకాలమ్మ అంటారు. అయితే ఆమె పెన్ను పట్టగా చూసినవాళ్ళు లేరు. దుకాణాలకూ, ఆసుపత్రులకూ, బడులకూ వాళ్ళ వాళ్ళ పేర్లతో ఈమెయిల్ నడిపిపెట్టే కంపెనీ అది. వెళ్ళే ప్రతి మెయిలు మీదా కంటికి కనబడని డిజిటల్ సంతకం పడేలా చూడటం ఆమె పని. ఆ సంతకం లేకుండా వచ్చినదాన్ని కంప్యూటర్ దొంగ మెయిలుగా ఎంచి పక్కన కుప్పగా పడేస్తుంది. ఆమె పొద్దున్నే వచ్చి, చెప్పులు బల్ల కింద విడిచి, కాళ్ళు కుర్చీలోకి ముడుచుకుని, టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఆ కుప్పంతా ఒక్కొక్కటే తెరిచి చూస్తుంది. పదకొండేళ్ళలో వరసగా రెండు రోజులు సెలవు పెట్టింది లేదు. యజమాని స్వయానా మేనమామ. ఆమె నోరు తెరవకముందే, "నువ్వు లేకపోతే నా చెయ్యి విరిగినట్టేనమ్మాయ్," అనేస్తాడు.

ఈరోజు కుప్పలో ఆ మేనమామకు వచ్చిన మెయిలు ఒకటుంది. పంపినవాళ్ళ చోట ఆమె పేరే ఉంది. "మామయ్యా, ఈ నెలాఖరుకి ఉద్యోగం మానేస్తున్నాను."

పక్క సీటామె తొంగిచూసి బుగ్గలు నొక్కుకుంది. "అక్కా, నీ పేరుతోనే దొంగ మెయిలా! ఎంత ధైర్యం!"

"సంతకం లేదుగా, దొంగదే," అంటూ సంతకాలమ్మ దాన్ని చెరిపేసింది.

నిన్న సాయంత్రం బస్సులో నిలబడి, ఆఫీసు చిరునామాతోనే, సంతకం పడని బయటి దారిలో ఫోన్‌ నుంచి దాన్ని పంపింది ఆమే. అలా పంపితే మామయ్య దాకా చేరదని ఆమెకంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. ఇది నాలుగోసారి.