పాదిరీల నుదుట గంధం

చుట్టాలెవరొచ్చినా తిరుపతిలోని మా ఇంటి ముందుగదిలో కాసేపు నిలబడిపోతారు. వెంకన్న పటం పక్కనే నలుగురు గడ్డాల పాదిరీలు కనబడతారు మరి. కాఫీ చేతికి రాకముందే అడుగుతారు, "ఏం పాపా, కిరస్తానంలో కలిసిపోయినావా?" అని. లేదు మామా, ఇవి పాతకాలపు అచ్చుబొమ్మలు, రాగిరేకు మీద సన్నగా గీతలు చెక్కి, వాటిలో సిరా నింపి, కాగితం మీద ఒత్తి తీసినవి అని చెబుతాను. ఏళ్ళ తరబడి ఇదే చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. ఈమధ్య "అవును, కలిసినా" అనేస్తున్నాను. వాళ్ళకూ నిమ్మళం, నాకూ నిమ్మళం.

సూళ్లూరుపేటలో జువాలజీ లెక్చరర్‌గా ఉన్నప్పుడు పట్టుకుంది ఈ పిచ్చి. ఆదివారాలు లోకల్ రైలెక్కి మద్రాసు పోయి పాత పుస్తకాల అంగళ్ళు తిరిగేదాన్ని. ఒకచోట అట్టలూడిన పుస్తకంలో ఒక ముసలి పాదిరీ కనిపించాడు. భూతద్దం పెట్టి చూస్తే ముఖమంటూ ఏమీ లేదు, అన్నీ గీతలే. కళ్ళ కింది ఉబ్బు కూడా గీతలే. ఆయన అలసటనంతా ఎవరో కూర్చుని ఓపిగ్గా చెక్కారు. అప్పటినుంచీ బిషప్పులు, మఠాల సన్యాసులు, మిషనరీలు, ఎవరు దొరికితే వాళ్ళను ఇంటికి తెచ్చుకున్నాను. భక్తితో కాదు, ఆ గీతల మీద మోజుతో.

ఇప్పుడు ఓపిక లేదు. వానలొస్తే చెమ్మ, చెమ్మ పోతే పురుగు. చూపు కూడా ముందులా ఆనడం లేదు. నాకు పెళ్ళి కాలేదు, పిల్లల్లేరు. నా తర్వాత ఇవన్నీ పాత పేపర్లతో కలిసి తూకానికి పోతాయన్న దిగులే నన్ను తినేస్తూ వచ్చింది. చివరికి మద్రాసులో ఒక గ్రంథాలయం వాళ్ళు మొత్తం తీసుకుంటామన్నారు, మరకలు లేకుండా ఉంటేనే. వాళ్ళ మనిషి వచ్చి చూస్తానన్న దానికి ముందురోజు, పోయిన పెద్దలకు పెట్టుకునే మహాలయ అమావాస్య పడింది.

నాతోనే ఉండే మా అమ్మ పొద్దున్నే లేచి, పోయిన నాయన పటం, అవ్వాతాతల పటాలు తుడిచి, పీట మీద పెట్టి, గంధం కుంకుమ పెట్టింది. వడలు, పాయసం చేసింది. నేను గోడ మీదివి కూడా చట్రాలు విప్పి, బొమ్మలన్నీ మంచం మీద పరిచి, చుట్టడానికి బటర్ పేపర్ తెద్దామని బజారుకు పోయాను. తిరిగొచ్చేసరికి మంచం మీద ప్రతి పాదిరీ నుదుటా తడి గంధం, దాని మీద కుంకుమ. ఉత్త కాగితాలు. తడి వెనక దాకా ఊరిపోయింది.

"మనోళ్ళెవరో కానోళ్ళెవరో తెలీదా నీకు?" అని అరిచాను.

"తెలీకేం? ఈళ్ళకు పెండ్లాం బిడ్డలు లేరని నువ్వే సెప్తివి గదా. ఈ పొద్దు ఈళ్ళకెవురు పెడతారు, పాపం?" అంది అమ్మ.

వాళ్ళలో సగం మంది పెళ్ళాం పిల్లలతో కాపురాలు చేసినవాళ్ళేనని చెప్పే ఓపిక కూడా లేకపోయింది.

మరునాడు మద్రాసాయన వచ్చాడు. ఒక్కో బొమ్మనూ కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు. ఈ మరకలు పోవనీ, తాము తీసుకోలేమనీ మెల్లగా చెప్పి ఆటో ఎక్కాడు. ఆయన మర్యాదస్తుడు కావడం వల్ల తిట్టుకోవడానికి కూడా ఎవరూ మిగల్లేదు.

"ఏం, తీసుకపోలేదా?" అంది అమ్మ లోపల్నించి వస్తూ.

"నువ్వు పెట్టిన బొట్లకే."

అమ్మ మంచం పట్టె మీద కూర్చుంది.

"నేను పోయినాక నిన్ను తల్సుకోని ఇంత గంధం పెట్టేదానికి ఎవురుండారు, సెప్పు పాపా. ముక్కూ మొగం తెలీనోళ్ళకు నేను పెడితే, రేపు నీకూ ఎవురో ఒకరు పెడతారని పెట్టినా" అంది.

నా కోపం ఎటు పోయిందో తెలీదు. ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చాను.