కళ్ళు పెట్టని బొమ్మ

మా అమ్మ తన జన్మలో ఒక్కసారే బొమ్మల ప్రదర్శనకు వెళ్ళింది. ఆ ఒక్క ప్రయాణానికి ఇంట్లో జరిగినంత రభస నా పెళ్ళికి కూడా జరగలేదు.

యుద్ధం రోజులవి. కంకిపాడు దగ్గర నేతపనివాళ్ళ వీధి మాది. నూలు దొరక్క సగం మగ్గాలు మూలపడ్డా మా నాన్న మగ్గం ఎలాగో ఆడుతూనే ఉండేది. ఒకరోజు చెన్నపట్నంలో చదువుకున్న చిత్రకారుడొకాయన బెజవాడ నుంచి వచ్చి, మగ్గం మీద కూర్చున్న నాన్న బొమ్మ వేసుకుంటానన్నాడు. నాన్నకు సంబరమే. అడ్డం పడింది అమ్మే. బొమ్మ గీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని మా వీధి వీధంతా నమ్మేది. ఏ బొమ్మకైనా కళ్ళు పెట్టినప్పుడే ప్రాణం వస్తుందని కూడా నమ్మేవాళ్ళం. ఆ రెండు నమ్మకాలూ కలిపి అమ్మ తనకు తోచిన ఉపాయం ఒకటి కనిపెట్టింది.

"మీ ఇష్టం వచ్చినట్టు రాసుకోండి బాబుగారూ. కళ్ళు మాత్రం పెట్టమాకండి," అంది తలుపు చాటు నుంచి.

నాన్న పగలబడి నవ్వాడు. చిత్రకారుడు నవ్వలేదు. "సరేనమ్మా, పెట్టను," అన్నాడు. అన్న మాట నిలబెట్టుకున్నాడు కూడా. బొమ్మ పూర్తయ్యాక అందరం వెళ్ళి చూశాం. మగ్గం గుంటలో కాళ్ళు, చేతిలో పోగు నేసే నాడె, భుజం మీద తువ్వాలు, అచ్చం నాన్నే. కనుబొమల కింద మాత్రం ఉత్త రంగు. అమ్మకు నిశ్చింతయింది.

ఆ పైయేడు వానాకాలంలో నాన్న విషజ్వరంతో పోయాడు. చూసుకుందామంటే ఇంట్లో ఒక్క ఫొటో లేదు. ఫొటోలకూ అప్పట్లో అమ్మే అడ్డం పడింది మరి.

కొన్ని నెలలకు మావయ్య ఒక కబురు తెచ్చాడు. ఆయన అమ్మకు అన్న. ఇప్పుడు వన్ టౌన్ అంటున్నారే, అక్కడి బట్టల కొట్లకు మా వీధి చీరలు చేరవేసేవాడు. బెజవాడలో ఒక హాల్లో కొత్తరకం బొమ్మలు పెట్టారనీ, వాటిలో బావ బొమ్మ ఉందనీ చెప్పాడు. మగ్గానికి నూలు కండెలు చుడుతున్న అమ్మ రాట్నం ఆపింది.

"కళ్ళున్నాయా?"

"లేవమ్మా. అట్టానే ఉంది."

"ఆ బాబుగారు అక్కడుంటాడా?"

"సాయంత్రాలు ఉంటాడంట."

"అయితే నేనూ వత్తా. కళ్ళు పెట్టిచ్చుకుంటా. ఇంకేం భయం?"

అప్పుడు మొదలైంది గొడవ. "సంవత్సరీకం కాకుండానే గడప దాటి తమాషా చూడబోతావా?" అని మా నాయనమ్మ విరుచుకుపడింది. "తమాషాకి కాదత్తా, మీ అబ్బాయిని చూడ్డానికి పోతన్నా," అంది అమ్మ.  నాయనమ్మ తనూ వస్తానంటుందేమోనని నేను ఎదురుచూశాను. అడగలేదు. రమ్మని మేమూ అనలేదు.

ప్రయాణం అమావాస్యకు పెట్టుకున్నాం. ఆ రోజు మగ్గానికి సెలవు గనక, నాన్న పోయాక ఆ మగ్గం నేస్తున్న మా బాబాయికి అమ్మ కండెలు చుట్టి ఇవ్వక్కర్లేదు. ప్రదర్శనకు అదే ఆఖరి రోజని మావయ్య అడిగి తెలుసుకొచ్చాడు. అమావాస్య ప్రయాణం మంచిది కాదన్నవాళ్ళకు, "నాకు ఇంకా చెడేదేముంది?" అని జవాబిచ్చింది అమ్మ. విధవ ఎదురొచ్చిందని ఎవరూ వెనక్కి తిరక్కుండా తెల్లారకముందే వీధి దాటాలి. పెట్రోలు కరువులో బొగ్గు మీద నడిచే బస్సు దారిలో ఆగిపోయినా సాయంత్రానికి హాలు చేరుకోగలిగేంత ముందు బయల్దేరాలి. పగలంతా మావయ్య ఎరిగిన కొట్టు వెనక గదిలో కూర్చోవాలి. చేతులూపుకుంటూ వెళ్తే బాగుండదని నాన్న ఆఖరున నేసిన తువ్వాలు చిత్రకారుడి కోసం మడిచి పెట్టింది.

రోజూ నన్ను చిత్రకారుడిగా నిలబెట్టి తను చెప్పాల్సింది చెప్పుకునేది. "బాబుగారూ, ఇప్పుడు పెట్టండి..." అనేది, ఆపి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టేది. కాదంటే ఏమనాలో, అసలు కనపడకపోతే ఎవరిని అడగాలో అన్నీ అనుకున్నాం. ఆయన అడగబోయేది మాత్రం మా ఇద్దరికీ తట్టలేదు.

హాల్లో కోట్లు వేసుకున్న పెద్దమనుషులు నాన్న ముందు నిలబడి ఉన్నారు. "చూశారాండీ, కళ్ళు లేకపోవడంలోనే ఉందండీ అర్థమంతా. అదేనండీ మోడరన్ ఆర్ట్," అంటున్నాడొకాయన. నాకు ఒళ్ళు మండింది. అది మా అమ్మ పెట్టిన షరతు, అందులో ఇంకే అర్థమూ లేదు పొమ్మని అరవాలనిపించింది. ఈలోగా బొమ్మలో నాన్న భుజం మీది తువ్వాలు కనిపించి ఏడుపొచ్చేసింది.

చిత్రకారుడు అమ్మను గుర్తుపట్టాడు. నాన్న పోయిన సంగతీ, తనొచ్చిన పనీ చెప్పింది అమ్మ. ఆయన విని రంగుల పెట్టె తెప్పించి, కుంచె పట్టుకుని బొమ్మ దగ్గర నిలబడ్డాడు.

"వెయ్యకూడదు కదాని ఆ రోజు సరిగ్గా చూడనేలేదమ్మా. చెప్పండి, ఎలా ఉండేవి ఆయన కళ్ళు?"

 మా వీధిలో ఆడది మొగుడి మొహంలోకి చూసి మాట్లాడేది కాదు. చెప్పాల్సినవన్నీ రాట్నం వైపో పొయ్యి వైపో చూస్తూ చెప్పేది. ఆయన తల నేత మీద, అమ్మ తల కండె మీద, కాపురమంతా అట్లాగే గడిచిపోయింది.

"నల్లగా..." అంది చివరికి.

"పెద్దవా అమ్మా, చిన్నవా?"

అమ్మ నావైపు తిరిగింది. "నువ్వు చెప్పవే," అంది. నాన్న ఎదుట తల దించుకోమని నాకు నేర్పింది తనే. నాకు ఆయన వేళ్ళు గుర్తున్నాయి, వంగిన మెడ గుర్తుంది. కళ్ళు గుర్తు లేవు.

"పోనీ, మీ అమ్మాయి కళ్ళలా వెయ్యనా?" అన్నాడాయన మెల్లగా.

"వద్దు బాబుగారూ. ఎవరియో పెడితే ఎవరినో చూసుకున్నట్టుంటది. అట్టానే ఉంచండి." తువ్వాలు ఆయన చేతిలో పెట్టి బయటికి నడిచింది. ఆ రాత్రికే బొమ్మలన్నీ చెన్నపట్నం రైలెక్కాయి.

మర్నాడు ఇంటికి రాగానే నాయనమ్మ గుమ్మంలోనే అడిగింది, పెట్టాడా అని. లేదని చెప్పి, ఎందుకో కూడా చెప్పింది అమ్మ.

"నల్లగా అన్నావా?" అంది నాయనమ్మ. కోపం లేదు ఆ గొంతులో. "తేనెకళ్ళే వాడియ్యి. ఎడమ కంట్లో నూగుగింజంత మచ్చ కూడా ఉండేది. పాలిచ్చేటప్పుడు చూత్తా ఉండేదాన్ని. నన్నూ తీసకపోతే చెప్పేదాన్ని గదా."

అమ్మ అక్కడే అరుగు మీద కూలబడింది. నాన్న పోయిన రోజున కూడా అంత ఏడవలేదు.

ఆ తర్వాత అమ్మ నాతో ఏం చెప్పినా గడ్డం పట్టుకుని నా తల పైకెత్తి, కళ్ళలోకి చూస్తూ చెప్పేది. ఉప్పు తెమ్మని చెప్పినా అంతే. ఆ చూపు నేను తట్టుకోలేకపోయేదాన్ని. చెయ్యి తియ్యగానే మళ్ళీ తల దించుకునేదాన్ని.