చివరి పేరా నుంచి చదవమన్నాను

ఉద్యోగ విరమణకు రెండేళ్ళ ముందు, ఒక జూన్ నెలలో, నన్ను గుంటూరు నుంచి దర్శిలోని ఒక డిగ్రీ కళాశాలకు బదిలీ చేశారు. రికార్డుల్లో మా హోదా అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా మారి చాలా కాలమైనా ఊరివాళ్ళకు నేను ఇంగ్లిష్ మేడమ్‌నే. ఇల్లు బ్రాడీపేటలో, కొలువు దర్శిలో. వారమంతా అద్దె గదిలో సర్దుకుని శనివారం సాయంత్రం బస్సెక్కేదాన్ని. ఆ వయసులో బదిలీ అంటే ఒళ్ళు మండింది. ఆ మంట కొంత పాఠ్యపుస్తకం మీదికి మళ్ళింది. అందులో మొదటి పాఠం ఇంగ్లండులో మంచు కురవడం గురించి. నా ఎదురుగా కూర్చున్నది పత్తి గింజలు పెట్టి వాన కోసం మొగం వాచిన ఇళ్ళ పిల్లలు.

పుస్తకం పక్కన పెట్టి రోజూ ఒక ఇంగ్లిష్ వార్త చదివించడం మొదలుపెట్టాను. వార్తకు ఒక కట్టుబాటు ఉంటుంది. ముఖ్యమైన సంగతి మొదటి పేరాలో వస్తుంది, దాన్ని లీడ్ అంటారు. మిగతాది ప్రాధాన్యం తగ్గుతూ కిందికి దిగుతుంది. చోటు చాలకపోతే సబ్ ఎడిటర్ కత్తెర వేసేది కింది నుంచే. మన పిల్లలకు లీడ్ దగ్గరే ఆగిపోయే అలవాటు, ఎందుకంటే పరీక్షలో అనువాదానికి ఇచ్చేది ఆ ఒక్క పేరానే. అందుకని నా తరగతిలో చివరి పేరా నుంచి పైకి చదవాలని నియమం పెట్టాను. కొత్త మాటలు అక్కడ ఎక్కువ. పైగా అధికారుల హెచ్చరికలు, ఫలానా సంగతి ఇంకా నిర్ధారణ కాలేదన్న వాక్యాలు తరచుగా అక్కడే నక్కి ఉంటాయి.

జూలైలో పొరుగు దేశంలో గొడవలు మొదలయ్యాయి. వార్తలన్నీ అవే. అన్‌రెస్ట్ అంటే అశాంతి, డిస్పర్స్ అంటే గుంపును చెదరగొట్టడం, డిటెయిన్ అంటే అదుపులోకి తీసుకోవడం, స్ట్రాండెడ్ అంటే దారీ తెన్నూ లేక చిక్కుబడటం. పిల్లలు సరదాపడ్డారు. వాళ్ళమ్మ తనను డిటెయిన్ చేసినందువల్ల నిన్న రాలేకపోయానని ఒకడు విన్నవించుకుంటే తరగతంతా గొల్లున నవ్వింది. నజ్మా అనే అమ్మాయి ఒక్కతే నవ్వలేదు.

ఆ అమ్మాయి అక్క రిజ్వానా ఆ దేశంలోనే వైద్యం చదువుతోందని తరగతి అయ్యాక తెలిసింది. తండ్రి మస్తాన్‌వలి గారికి బస్టాండు దారిలో పరుపులు కుట్టే దుకాణం. రిజ్వానా ఉన్నచోట ఇంటర్నెట్ ఆపేశారు. హాస్టల్ ల్యాండ్‌లైన్ నుంచి సాయంత్రం పూట ఎప్పుడైనా లైను కలిస్తే కలిసినట్టు. ఇక ఆ వార్తలు మానేద్దామన్నాను. నజ్మా ఒప్పుకోలేదు.

“ఆపొద్దు మేడమ్. టీవీ పెడితే మా అమ్మకి దడ వచ్చిద్ది. నేను చదివి చెబితేనే నాలుగు మెతుకులు తినిద్ది.”

అలా మా తరగతి ఒక ఇంటికి కబురు మోసే పనిలో పడింది. నాకూ కుదురు పోయింది. పాఠం చెబుతూ మధ్యలో ఫోన్ చూసుకునేదాన్ని, చూస్తున్నందుకు నన్ను నేనే విసుక్కునేదాన్ని.

కొన్నాళ్ళకు అక్కడ మెడికల్ సీట్లు ఇప్పించిన ఏజెంటు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఒక ఇంగ్లిష్ వార్త పై భాగం ఫొటో పెట్టాడు. కర్ఫ్యూ సడలించారు, భారతీయ విద్యార్థులు రోడ్డు మార్గాన బయలుదేరారు అని శీర్షిక. తెల్లవారుజామున సరిహద్దుకు ఒక బస్సు వెళ్తుందని, పిల్లల్ని సిద్ధంగా ఉండమనండని కింద రాశాడు. ఆ సాయంత్రమే మస్తాన్‌వలి గారు కూతురిని వెంటబెట్టుకుని, చొక్కాకు అంటిన దూది దులుపుకోకుండానే, స్టాఫ్ రూముకు వచ్చారు.

“మేడమ్ గారూ, ఏజెంటేమో బస్సెక్కించమంటన్నాడు. ఇదేమో వద్దంటంది. మీరొక మాట చెప్పండి.”

నజ్మా ఆ వార్త మొత్తం వెతికి తెచ్చుకుంది. చివరి పేరాలో మన ఎంబసీ విద్యార్థులను హాస్టళ్ళు వదిలి రావద్దని కోరింది. దాని పై పేరాలో, సరిహద్దు దారిలో అడ్డంకులు తొలగాయన్న మాటను నిర్ధారించుకోలేకపోయామని పత్రికే రాసుకుంది.

“మరి పైన పెద్దక్షరాల్లో బయల్దేరారని ఉంది గదమ్మా?” అన్నారాయన.

“బయల్దేరారనే ఉంది నాన్నా. చేరారని ఎక్కడా రాయలా.”

నేను ఒక్కొక్క వాక్యానికి అర్థం రెండుసార్లు చెప్పాను. ఆయన విన్నారు, తల ఊపారు, ఇంతకీ ఎక్కమనమంటారా వద్దంటారా అని మళ్ళీ మొదటికే వచ్చారు. అర్థం వరకే నేను చెప్పగలనని, ఎక్కమనే హక్కు గానీ వద్దనే హక్కు గానీ నాకు లేదని అన్నాను.

“అర్థాలు నేనేం చేసుకోనండీ! అక్కడున్నది నా పిల్ల!” అని గొంతు పెంచారు.

నాకూ కోపం వచ్చింది. ఆయన మీద కాదు, నేను చెప్పలేకపోతున్నందుకు. ఆ గదిలో అటూ ఇటూ తిరగడం తప్ప నాకేమీ తోచలేదు.

అంతలో హాస్టల్ నుంచి ఫోన్. ఆయన ఫోన్ నజ్మాకు ఇచ్చేశారు.

“అక్కా, బస్సెక్కమాక. ఎంబసీ వాళ్ళు హాస్టల్లోనే ఉండమన్నారు. దారి తెరిచారని పేపరోళ్ళే ఖాయంగా చెప్పట్లా. పొద్దున పోయినోళ్ళు చేరిందీ లేందీ ఎవరికీ తెలవదు. అందుకే వద్దంటన్నా.”

లైను తెగిపోయింది.

మర్నాడు నేను చెప్పిన పాఠమేమిటో నాకు గుర్తు లేదు. సాయంత్రానికి వార్త వచ్చింది. తెల్లవారుజామున బయలుదేరిన ఆ బస్సు సరిహద్దు చేరింది. అందులోని పిల్లలందరూ క్షేమం. రిజ్వానా అందులో లేదు. ఆ రాత్రి నుంచే అక్కడ కర్ఫ్యూ మళ్ళీ బిగించారు, హాస్టల్ ఫోన్ కూడా మూగబోయింది.

మస్తాన్‌వలి గారు కళాశాల గేటు దగ్గర నన్ను ఆపారు. ఈసారి గొంతు పెంచలేదు.

“మీరు అర్థం సరిగ్గానే చెప్పారు మేడమ్ గారూ. బస్సు మాత్రం చేరింది.”

ఆ మాట అని దుకాణం దారి పట్టారు.

తరగతిలో చదవడానికి హాజరు పట్టీ వరస ప్రకారం పిలుస్తాను. బస్సు చేరిన వార్త నజ్మా వంతుకు వచ్చింది. వేరేవాళ్ళను పిలవబోతే తనే లేచి నిలబడింది. చివరి పేరా నుంచి మొదలుపెట్టింది. దారిలో ఒక చోట కర్రలు పట్టుకున్న గుంపు బస్సును ఆపిందని, ఊరి పెద్ద ఒకాయన అడ్డుపడి నచ్చజెప్పాక వదిలిందని డ్రైవర్ చెప్పిన మాటలు అక్కడున్నాయి. ఒక్క మాట వదలకుండా తెలుగు చేసి కూర్చుంది. ఆ పూట ఎవరూ నవ్వలేదు.

రిజ్వానా మరికొన్నాళ్ళకు విమానంలో వచ్చింది. హాస్టల్లో తిండి చాలక బాగా చిక్కిపోయింది. చెల్లెలితో కలిసి నన్ను చూడటానికి వచ్చినప్పుడు, బస్సు తప్పించినందుకు కోపం లేదా అని అడిగాను.

“ఉంది మేడమ్. ఆకలైనప్పుడల్లా దీన్ని తిట్టుకున్నా. కానీ ఆ రోజు హాస్టల్ నుంచి అందరం ఇళ్ళకు ఫోన్లు చేశాం. అందరి ఇళ్ళవాళ్ళూ ఎక్కమనో వద్దనో అరిచారు. ఎందుకో చెప్పింది ఇదొక్కతే.”

నేను దర్శిలో ఉన్నంత కాలం మస్తాన్‌వలి గారు నన్ను చూసి తల తిప్పుకునేవారు. ఆయన కోపం న్యాయమైనదే. నేను చెప్పిన అర్థమూ సరైనదే. ఒక వార్తను ఎంత సరిగ్గా చదివినా అది రాసిన పూటకు తెలిసినదే మనకు తెలుస్తుంది. ఆ పైన జరిగేదానికి భాష నేర్పేవాళ్ళు పూచీ పడలేరు. ఆ వార్త మళ్ళీ నా చేతికిచ్చినా అదే అర్థం చెబుతాను, ఆయన మళ్ళీ తల తిప్పుకున్నా సరే.