పొయ్యి ఎక్కని వంట

ఆ వయసులో నాకు రాని వంట లేదని గట్టి నమ్మకం (నేను కాచిన టీ ఇంట్లో ఎవరూ తాగేవారు కాదు, అది వేరే సంగతి). బెంగళూరులో హోటల్ కోర్సు ముగించి మార్కాపురం వచ్చేసరికి గోవాలో ఉద్యోగానికి పిలుపొచ్చింది. నాయన సరేనన్నాడు. కానీ మా ఇంట్లో పెదనాయన మాట దాటే అలవాటు లేదు. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఏం నేర్చినావో చెల్లెలి పుట్టినరోజుకి చేసి చూపియ్యి. నలుగురూ తింటే గోవాకి పో. లేకుంటే మీ నాయనతో పలకల ఫ్యాక్టరీకి నడువు" అన్నాడు.

అందరూ నోరెళ్లబెట్టాలని పొయ్యితో పనిలేని వంటకం ఎంచుకున్నాను. వేలంత సన్నటి కరకరలాడే బ్రెడ్డు పుల్లలకి, ఉప్పు పెట్టి ఆరబెట్టిన పందిమాంసాన్ని కాగితమంత పల్చటి పొరలుగా చుట్టడమే. రెండూ బెంగళూరు నుంచి తెప్పించాను, మాంసం ఐసు పెట్టెలో. నాయన ఫ్యాక్టరీ నుంచి చెక్కచట్రం బిగించని కొత్త పలక తెస్తే, కడిగి, పెద్ద హోటళ్లలో లాగా దానిమీద పేర్చాను. నా దిష్టే తగిలేట్టుంది. పెదనాయన మాత్రం ముందు పలక అంచు తడిమి, తర్వాత వాసన చూశాడు.

"ఎప్పుడు ఉడకబెట్టినావు?"

"ఉడకబెట్టరు పెదనాయనా. నెలల తరబడి ఆరబెడతారు."

"నెలలా!"

చుట్టాలంతా ఒక అడుగు వెనక్కి వేశారు. అమ్మ ఒక పుల్ల విరిచి చూసి, "బ్రెడ్డు ఇంత గట్టిగుందేందిరా? పాతది అంటగట్టినారేమో" అంది. మా ఇళ్లలో ప్రార్థన కానిదే ఎవరూ తిండి ముట్టరు. రెండు ముక్కల్లో ముగించే పెదనాయన ఆ రోజు, "ప్రభువా, పొయ్యి మొహం చూడని ఈ ఆహారము మాకు ఏ కీడూ చేయకుండా కాపాడుము, పిల్లోడు తెలియక చేసినాడు" అంటూ చాలాసేపు వేడుకున్నాడు. ఆమెన్ మాత్రం అందరూ మనసారా అన్నారు. ఆ తర్వాత ఒక్క చెయ్యీ కదల్లేదు. నాకు ఏడుపొచ్చేట్టుంది.

అప్పుడు నాయన ముందుకొచ్చి ఒకటి తీసుకున్నాడు. చద్దన్నం కూడా ముట్టని మనిషి. కళ్లు మూసుకుని నమిలి, "బాగుందిరా, ఇంకోటియ్యి" అన్నాడు. నేను గాల్లో తేలుతుంటే అమ్మ చల్లగా పలకెత్తుకుపోయి, మాంసమంతా ఊడదీసి, ఉల్లిపాయా కారమూ వేసి పెనం మీద వేయించి తెచ్చింది. అయిదు నిమిషాల్లో ఖాళీ. పెదనాయన వేళ్లు నాక్కుంటూ, "ఇది వంటంటే! గోవాకి పోయిరా. వాళ్లకి గూడా ఇట్లనే వేయించమని చెప్పు" అన్నాడు.

మొన్న ఇంటికి వెళ్లినప్పుడు ఈ గొప్ప చెప్పుకుంటుంటే అమ్మ నవ్వింది. ఆ మర్నాడంతా నాయన కడుపు చెడి మజ్జిగతోనే గడిపాడట. "మరి ఇంకోటి అడిగినాడు కదమ్మా?" అన్నాను. "నీ మొహం చూసి అడిగినాడు లేరా" అంది. ఇన్నేళ్లూ ఆ రెండో పుల్లని నా మొదటి సర్టిఫికెట్ అనుకుంటూ తిరిగాను. ఇప్పటికీ హోటల్లో పలకల మీద అవే పుల్లలు పేరుస్తాను. ఎవరైనా ఇంకోటి కావాలంటే మాత్రం, ఇచ్చేముందు వాళ్ల మొహం ఒకసారి అనుమానంగా చూస్తాను.