నాగరాజన్న ఆ పొద్దు నిద్రపోలేదు

ఇన్నేళ్ళు మోసిన బరువు దించుకుందామని రాయడం లేదు. మోసి మోసి ఒళ్ళు మండి రాస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మాది హిందూపురం. సరుకుల ఓడలో వంటవాణ్ణి. ఆ ఉద్యోగం ఇప్పించింది ధర్మవరం నాగరాజన్న. మగ్గం వదిలి సముద్రమెక్కిన మనిషి, అదే ఓడలో కాపలా పని. ఆఫ్రికా తీరం దగ్గర దొంగల భయం. వాళ్ళు నిచ్చెన తగిలించి ఎక్కకుండా ఓడ చుట్టూ బ్లేడ్ల కంచె చుట్టేవాళ్ళు. వంటచెత్త సముద్రంలో పారబోయాలంటే నాకు ఆ కంచె అడ్డం. చేతులు కోసుకుపోయేవి. విసుగొచ్చి, వంటగది వెనక కంచెను మనిషి పట్టేంత కత్తిరించి తాడుతో కట్టుకున్నాను. పని పడ్డప్పుడు విప్పేవాణ్ణి.

ఒకరోజు తెల్లవారుతుండగా అక్కడ చెత్త పారబోస్తూ, పొయ్యి మీద అన్నం పొంగిందని పరుగెత్తాను. తాడు కట్టలేదు. నిమిషాల్లోనే దొంగలు అక్కడే ఎక్కారు. అవతలి పక్క కాపలా తిరుగుతున్న నాగరాజన్న తల మీద తుపాకీతో మోది పడేశారు. మేమంతా ఇంజను గదిలో తలుపేసుకున్నాం. నౌకాదళం వస్తోందని తెలిసి వాళ్ళు దిగిపోయారు. అందరూ ఆయన తలకు కట్టు కడుతుంటే నేనేం చేశానో తెలుసా? వెనక్కి పోయి తాడు కట్టాను. గట్టిగా.

తనిఖీకి వచ్చిన దొరలు దూరం నుంచే చూశారు. కంచె బాగానే ఉంది, కాపలావాడే నిద్రపోయాడని తేల్చేశారు. ఆయన ఉద్యోగం పోయింది. మళ్ళీ ఏ ఓడా ఎక్కనివ్వలేదు. ఒక్కసారి ఆ కంచె పట్టి లాగి చూస్తే వాళ్ళ సొమ్మేం పోయేది? కానీ వాళ్ళకు కనబడకూడదనే కదా నేను కట్టింది? మరి ఎవరి మీద అరుస్తున్నాను?

మొన్న ధర్మవరం వెళ్ళాను. మళ్ళీ మగ్గం మీదే ఉన్నాడు. వీధిలో అందరికీ ఆయన 'నిద్రమొగం'. నన్ను చూసి సంబరంగా టీ తెప్పించాడు.

"అన్నా, ఆ పొద్దు నువ్వు మేలుకోనే ఉంటివి కదా?" అన్నాను.

"ఉంటిననే అనుకుంటినప్పా. ఇంతమంది అంటాంటే నేనే కునుకు తీసింటానేమో. నా వల్ల మీరంతా సచ్చిపోతాంటిరి గదా."

అలా తన మీద తానే నేరం మోపుకున్నందుకు ఆయన్ని పట్టుకుని కుదిపేయాలనిపించింది. కుదపాల్సింది ఎవర్ని? టీ తాగి బస్సెక్కాను. పెనుకొండ దాటినా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

క్షమించమని ఎవర్నీ అడగను. అడిగే మొగం లేదు. తల దెబ్బతో ఆయన మరిచిపోయిన సంగతి ఒకటుంది. అది నాకొక్కడికే తెలుసు, ఇప్పుడు మీకూ తెలియాలి. "అన్నం పొంగుతాండాది, రాప్పా!" అని ఆ పొద్దు వంటగది ముందు నుంచి నన్ను కేకేసింది నాగరాజన్నే.